పదమూడు వందల పన్నెండు సవరణలు

వేరేవాళ్ల తాతయ్యలు గుమ్మంలోకి రాగానే "బాగున్నారా" అంటారు. మా తాతయ్య "ఒక సవరణ ఉంది" అంటాడు. అదే ఆయన పలకరింపు, అదే ఆయన వీడ్కోలు, అదే ఆయన జబ్బు. లోకంలో ఎక్కడ తప్పు దొర్లినా దాన్ని దిద్దేదాకా ఆయనకి ముద్ద దిగదు. ఎవరో చేసిన తప్పయితే ఒక పూట దిగదు. తాను చేసిందయితే వారం.

ముందు ఇంటి సంగతి చెప్తాను. అమ్మమ్మ వంటగదిలోంచి "రెండు నిమిషాల్లో టీ తెస్తున్నా" అని కేకేస్తుంది. తాతయ్య గడియారం చూసుకుంటాడు. టీ వస్తుంది.

"ఒక సవరణ ఉంది," అంటాడు కప్పు అందుకుంటూ. "ఆరు నిమిషాలు."

"రేపట్నుంచి మీరే పెట్టుకోండి."

"నిన్న కూడా రేపట్నుంచి అనే అన్నావు. మొన్నా అదే. ఆ మాట కూడా సవరించుకోవాలి నువ్వు."

అమ్మమ్మ నా వైపు తిరిగి, "చూశావుటే, యాభై రెండేళ్లుగా ఇదే వరస" అంటుంది. ఆ యాభై రెండేళ్ల మీద ఎన్ని నెలలో, ఎన్ని రోజులో ఆయన చెప్పకముందే లోపలికి వెళ్ళిపోతుంది. అనుభవం.

వీధిలో కూడా అంతే. మా బడి హెడ్మాస్టరుగారు రిటైరైన రోజున సభ పెట్టారు. వక్తలందరూ ఆయన ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పారని పొగిడారు. తాతయ్య లేచి మైకు పట్టుకుని, "ఒక సవరణ ఉంది. ముప్పై ఒకటి. మధ్యలో ఒక ఏడాది కాలు విరిగి ఇంట్లో ఉన్నారు" అని కూర్చున్నాడు. అంతే ఉపన్యాసం. హెడ్మాస్టరుగారు మాత్రం తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని, "నా కాలు విరిగిన సంగతి మా ఆవిడకి కూడా గుర్తులేదండీ" అన్నారు.

ఇక నా సంగతి. నేను పదో తరగతి తప్పాను. అందులోనూ చరిత్రలో తప్పాను. ఊరి చరిత్ర రాసినాయన మనవరాలికి చరిత్రలో ఇరవై రెండు మార్కులొచ్చాయని వీధి వీధంతా నవ్వింది. అమ్మ ఏడ్చింది. తాతయ్య ఒక్కడే "కూడికలో పొరపాటు ఉండొచ్చు, నాకు అనుమానంగానే ఉంది" అని, మళ్ళీ లెక్కించమని అర్జీ పెట్టించాడు. నెల తర్వాత జవాబొచ్చింది. పొరపాటు ఉన్నమాట నిజమే. ఇరవై రెండు కాదు, ఇరవై ఒకటి.

ఇంటిల్లిపాదీ తలలు పట్టుకుంటే ఆయన ఆ కాగితం పట్టుకుని మురిసిపోయాడు. "నేను చెప్పలేదూ?" అన్నాడు నాతో, నాకేదో మేలు చేసినట్టు.

దాంతో చదువుకి దణ్ణం పెట్టి, రికార్డు ఆఫీసుకి ఎదురుగా జిరాక్సు షాపు పెట్టుకున్నాను. పొద్దస్తమానం కాగితాలతోనే ఉంటూ, వాటిల్లో ఏముందో చదవక్కర్లేని పని అదొక్కటే.

ఇంతకీ తాతయ్యకి ఈ జబ్బు ఎక్కడ అంటుకుందంటే, అచ్చాఫీసులో. పద్దెనిమిదో ఏట ఊళ్ళో వచ్చే చిన్న పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి వెళ్ళాడు. ఎడిటరుగారు "నీ అర్హతేమిటోయ్" అని అడిగితే, జేబులోంచి ఆ ఉద్యోగ ప్రకటన కత్తిరింపు తీసి, అందులో మూడు తప్పులు చూపించాడట. ఆ ప్రకటన రాసింది ఎడిటరుగారే. ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చినందుకు ఇరవై ఏళ్లు చింతించారు.

ప్రూఫుల నుంచి విలేకరి అయ్యాడు. మిగతా విలేకరులు వార్త రాసేసి ఇంటికెళ్ళి పడుకునేవాళ్లు. ఈయన వార్త అచ్చయ్యాక ఆ చోటికి మళ్ళీ వెళ్ళి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకునేవాడు. ఒకసారి గోదాము తగలబడింది. మర్నాడు పత్రికలో సవరణ: "మంటలు గంటసేపు చెలరేగాయని రాశాము. నలభై ఏడు నిమిషాలు అని చదువుకోగలరు."

ఎడిటరుగారు పిలిచారు. "ఏమయ్యా, ఇంకో పదమూడు నిమిషాలు తగలబడితే నీదేం పోయింది?"

"నాదేం పోలేదండీ. పోయేది గోదాము వాళ్లది."

చివరికి ఎడిటరుగారు తెలిసినవాళ్లని బతిమాలి, ఈయనకి రికార్డు ఆఫీసులో పాత కాగితాలు చూసుకునే ఉద్యోగం వేయించారు. చచ్చిపోయినవాళ్ల కాగితాలైతే ఎంత దిద్దినా ఎవరూ పోట్లాటకి రారని ఆయన ఆలోచన. తాతయ్య వెళ్తూ వెళ్తూ పత్రిక పాత సంచికలన్నీ మోసుకెళ్ళి, సొంత చేత్తో కుట్టి, నలభై ఒక్క బైండ్లు చేసి రికార్డు గదిలో చేర్పించాడు. తర్వాత పత్రిక మూతపడింది. అచ్చాఫీసులో మిగిలిన ప్రతులు చెదలు తినేశాయి. ఇప్పుడా పత్రిక లోకం మొత్తంలో ఉన్నది ఆ రికార్డు గదిలోనే.

ఆ గదిలో కూర్చునే పద్దెనిమిదేళ్లలో ఊరి చరిత్ర మూడు సంపుటాలు రాశాడు. మొదటి రెండూ చరిత్ర. మూడోది ఆ రెండింటికీ సవరణలు. నాలుగోదానికి సరుకు సిద్ధంగా ఉందని అంటూంటాడు కానీ, అచ్చువేసే ఆయన తాతయ్యని చూస్తే చాలు రోడ్డు దాటి అవతలికి పోతున్నాడు.

రిటైరయ్యాక అసలు ఉద్యోగం మొదలైంది. ఒక పొడుగాటి నోటుబుక్కు కొన్నాడు. పత్రికలో ఉన్న ఇరవై ఏళ్లలో ఎవరెవరి గురించి ఏయే తప్పులు రాశాడో అందులో నంబర్లు వేసి ఎక్కించాడు. మంగళవారం, శుక్రవారం బయల్దేరి, ఆయా మనుషుల ఇళ్లకి వెళ్ళి క్షమాపణ చెప్పుకోవడం. ఆరేళ్లుగా స్కూటరు నడిపేది నేను. షాపు మూసి మరీ.

పద్ధతి ఒకటే. ముందురోజు బైండులోంచి ఆ వార్త నా దగ్గర జిరాక్సు తీయించుకుంటాడు. ఆ ఇంటి తలుపు తట్టి, "ఒక సవరణ ఉంది" అంటాడు. లోపలివాళ్లు కంగారుపడి కుర్చీ వేస్తారు. వార్త మొదటి అక్షరం నుంచి చివరిదాకా, నిదానంగా, పైకి చదువుతాడు. అప్పుడు తప్పు చెప్తాడు.

మా ఊళ్ళో సైకిలమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడ కుర్రతనంలో సైకిలు పందెం గెలిచింది. ఇప్పుడు రెండు మోకాళ్లూ మొరాయించి, ఒక గదిలో కుర్చీకి అంటుకుపోయింది. తాతయ్య వెళ్ళి వార్త చదివాడు. "పందెంలో పదకొండు మంది పాల్గొనగా..." అని ఆపి, కళ్లజోడు తీశాడు. "అమ్మా, పదకొండు కాదు. పన్నెండు. పన్నెండో మనిషిని మీరు ఓడించిన సంగతి నా వల్ల లోకానికి తెలియకుండా పోయింది. క్షమించాలి."

"క్షమించక చస్తానా," అంది సైకిలమ్మ. "ఆ పన్నెండోదాని పేరు చెప్పనా? చెప్పను, బతికే ఉంది. కూర్చోండి, మలుపులో అది నన్నెలా తోసిందో చెప్తాను."

ఆ మలుపు తిరగడానికి మాకు రెండు గంటలు పట్టింది.

పాములు పట్టే ఆయన సంగతైతే చెప్పక్కర్లేదు. ఆయన ఆసుపత్రిలో దూరిన పాముని ఒంటి చేత్తో పట్టాడు. ఆ ఒక్క పాము మీద తాతయ్యకి నాలుగు తప్పులు దొరికాయి. పొడుగు ఒకసారి, రంగు ఒకసారి, వారం ఒకసారి, వార్డు నంబరు ఒకసారి. నాలుగుసార్లు వెళ్ళాం. నాలుగుసార్లూ ఆయన తువ్వాలుని పాములా పట్టుకుని నా మెడ మీద చూపించాడు.

"తాతయ్యా, నాలుగూ ఒకేసారి చెప్పేస్తే పెట్రోలు మిగిలేది కదా," అన్నాను స్కూటరు మీద.

"ఒక్కో తప్పుకి ఒక్కో క్షమాపణ. బేరాలుండవు," అన్నాడు వెనకనుంచి.

ఇలా రిటైరయ్యాక గడిచిన పద్దెనిమిదేళ్లలో సవరణలు పదమూడు వందల పన్నెండు అయ్యాయి. అదేమి జ్ఞాపకశక్తో అని నేను అనుకునేదాన్ని. ఆ సంఖ్య నాకు నోటికొచ్చు. ఆ నోరే కొంప ముంచింది.

రికార్డు ఆఫీసుకి కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చేతిలో ఎప్పుడూ ఒక జాబితా ఉంటుంది. ఆఫీసుని చిన్న భవనంలోకి మారుస్తున్నారట, సగం కాగితాలకే చోటుందట. ఏవి ఉంచాలో ఏవి తీసెయ్యాలో ఆవిడ తేల్చాలి. ఒకరోజు జిరాక్సుకి వచ్చి, "ఆ చిన్న పత్రిక బైండ్లు మీ తాతగారు చేర్పించినవేనా?" అని అడిగింది.

"ఆయనవే మేడమ్. అందులో తప్పులు కూడా ఆయనవే. పదమూడు వందల పన్నెండు. నంబర్లు వేసుకుని మరీ ఇల్లిల్లూ తిరిగి ఒప్పుకుంటారు," అన్నాను గొప్పగా. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ పెన్ను తీసి రాసుకుంది.

మూడు రోజుల తర్వాత ఆఫీసు తలుపుకి నోటీసు అంటించారు. కాగితపు మిల్లుకి పంపేవాటి జాబితా. ఏడో వరసలో మా నలభై ఒక్క బైండ్లు. కారణం: విశ్వసనీయత లేదు. అభ్యంతరాలుంటే పది రోజుల్లో చెప్పుకోవాలి.

నేను లోపలికి పరిగెత్తాను. "మేడమ్, నేనేదో సరదాకి అన్నాను."

"సంఖ్య సరదాకి చెప్పిందా?"

"సంఖ్య నిజమేనండి."

"మరి రాసినాయనే ఇల్లిల్లూ తిరిగి తప్పు తప్పు అని ఒప్పుకుంటుంటే, నేను దాన్ని ఏ మొహం పెట్టుకుని దాచమంటారు?"

ఊరి పెళ్లిళ్లూ, పందేలూ, పాములూ, గోదాములూ అన్నీ ఆ రెండు బీరువాల్లోనే ఉన్నాయి. నా ఒక్క నోటి దురదకి అవన్నీ గుజ్జయిపోబోతున్నాయి.

తాతయ్యని తీసుకొచ్చి నోటీసు చూపించాను. ముందు అలవాటుగా నోటీసులో రెండు తప్పులు పట్టాడు. తర్వాత ఏడో వరస చదివి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈ సంఖ్య ఎవరు చెప్పారు?"

"నేనే తాతయ్యా."

కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నీ నోటుబుక్కు తీసుకెళ్ళి చూపించు. అన్నీ చిన్నచిన్న తప్పులేనని ఆవిడకే తెలుస్తుంది," అన్నాను.

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దన్నానా."

కారణం చెప్పకుండా ఆయన మాట ముగించడం నేనెరిగి అదే మొదటిసారి. నాలుగో రోజున అమ్మమ్మ రొప్పుకుంటూ షాపుకి వచ్చింది. "మీ తాతకి ఏదో అయిందే. పొద్దున టీ పదకొండు నిమిషాలకిచ్చాను. మాట్లాడకుండా తాగేశారు."

ఇక లాభం లేదనుకున్నాను. ఆయన కునుకు తీస్తుండగా తలగడ కిందనుంచి నోటుబుక్కు లాగి, నేరుగా ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టాను. "మీరే చూడండి మేడమ్. పదకొండుకి పన్నెండు, తొమ్మిదికి తొమ్మిదిన్నర. ఇలాంటి తప్పులకి ఎవరైనా ఉరి వేస్తారా?"

ఆవిడ జాబితా మనిషి కదా, ఊరికే నమ్మదు. బైండు తెప్పించింది. సైకిలు పందెం వార్త తీసింది. నోటుబుక్కులో "అచ్చయినది: పదకొండు. సరైనది: పన్నెండు" అని ఉంది. బైండులో చూసింది. మళ్ళీ చూసింది.

"ఇక్కడ పన్నెండు అనే ఉందే."

పాము తీసింది. నోటుబుక్కు ప్రకారం పత్రిక తొమ్మిదడుగులని తప్పు రాసింది. పత్రికలో శుభ్రంగా తొమ్మిదిన్నర అని ఉంది. రంగూ సరిగ్గానే ఉంది. వారమూ, వార్డూ అంతే. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని ముప్పై సవరణలు సరిచూశాం. ముప్పైకి ముప్పై, పత్రికలో మొదట్నుంచీ ఒప్పే ఉంది. తప్పు ఎక్కడా లేదు.

ఆవిడ నన్ను చూసింది. "ఈ జిరాక్సులన్నీ తీసింది మీరేగా?"

"నేనేనండి."

"ఒక్కటీ చదవలేదా?"

"చదివే అలవాటుంటే టెన్తు పాసయ్యేదాన్ని కదా మేడమ్."

అప్పుడు ఆవిడ పేజీ చివరున్న సన్నటి గడి మీద వేలు పెట్టింది. ఆ గడిలో చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. జీవితంలో మొదటిసారి మా తాతయ్య రాత నేను శ్రద్ధగా చదివాను. "సైకిలమ్మ. కూతురు ఫోను చేసి రెండు నెలలు. మళ్ళీ వెళ్ళాలి. ఇంకో తప్పు కావాలి." దాని కింద: "పాములాయన. భార్య పోయాక వంట మానేశాడు. వార్డు నంబరు మారిస్తే సరిపోతుందేమో." ఇంకో పేజీలో: "హెడ్మాస్టరుగారు. నడుస్తున్నారు, కానీ ఎక్కడికీ వెళ్ళడం లేదు. తప్పు దొరకడం కష్టం. ప్రయత్నించాలి."

ఆఫీసరమ్మ తాతయ్యని పిలిపించింది. ఆయన వచ్చి, బల్ల మీద నోటుబుక్కు చూసి, నన్ను చూసి, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఒక సవరణ ఉందండీ," అంది ఆవిడే ముందు. "మీ పత్రికలో పదమూడు వందల పన్నెండు తప్పులు లేవు."

"నిజం తప్పులు వేరే పుస్తకంలో ఉన్నాయండీ," అన్నాడు తాతయ్య మెల్లగా. "నూట తొమ్మిది. ఏ రోజు తప్పుకి ఆ మర్నాడే సవరణ వేసేశాం."

"మరి ఇవేమిటి? నిజం రాశారు. దాన్ని అబద్ధంగా చదివారు. మళ్ళీ నిజం చెప్పి క్షమించమన్నారు. ఎందుకండీ ఇంత శ్రమ?"

తాతయ్య టోపీ తీసి చేతిలో తిప్పుకున్నాడు. "ఊరికే ఎవరింటికైనా వెళ్తే ఏం పనిమీద వచ్చారని అడుగుతారండీ. తప్పు చేసి వెళ్తే కుర్చీ వేస్తారు. క్షమించే పని ఎవరికైనా బాగుంటుంది. పైగా వాళ్ల వార్త ఇంకోసారి వింటారు." టోపీ మళ్ళీ పెట్టుకుని, "బైండ్ల కోసం ఇది బయటపెట్టాల్సి వస్తే పెట్టండి. కానీ పెడితే నన్ను మళ్ళీ ఎవరూ క్షమించరు. తప్పులే లేవుగా" అన్నాడు.

ఇదీ ఆయన నాలుగు రోజుల మౌనం. నోటుబుక్కు చూపిస్తే బైండ్లు బతుకుతాయి, మంగళవారాలు పోతాయి. చూపించకపోతే మంగళవారాలుంటాయి, బైండ్లు పోతాయి.

ఆఫీసరమ్మ ఫైలు తీసి ఒకే వాక్యం రాసింది. పైకి చదివి వినిపించింది: "పత్రికలోని ముప్పై అంశాలు పరిశీలించగా దోషమేదీ కనిపించలేదు, భద్రపరచవలెను." నోటుబుక్కు మాట ఫైలులో లేదు. నోటుబుక్కు మూసి తాతయ్య చేతిలో పెట్టింది.

"ఇలా రాయొచ్చాండీ?" అన్నాడు తాతయ్య.

"ఇందులో ఒక్క అక్షరం తప్పుంటే చూపించండి."

ఆయన రెండుసార్లు చదివాడు. చూపించలేకపోయాడు. ఆయన్ని అలా ఓడించిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అమ్మమ్మ కూడా కాదు.

నాకు మాత్రం కడుపులో మాట దాగదు. శుక్రవారం తాతయ్యని పాములాయన దగ్గర దింపి, నేను సైకిలమ్మ దగ్గరికి వెళ్ళాను. అసలు సంగతి కాకుండా చుట్టూ తిరిగి ఏదో అనబోతుంటే ఆవిడే ఆపింది.

"ఆ వార్త కత్తిరించి నా పెట్టెలో దాచుకున్నానే పిచ్చిమొహమా. పన్నెండు మందనే ఉంది. మొదటిరోజే తెలుసు."

"మరి ఇన్నాళ్లూ క్షమించారే?"

"నాకేం నష్టం? ముసలాయనకి పాపం ఎక్కడికైనా వెళ్ళాలంటే ఒక సాకు ఉండాలి. నువ్వు మాత్రం ఆయనతో అనకు. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుపడి రావడం మానేస్తాడు." గొంతు తగ్గించి, "పాములాయనకి కూడా తెలుసు" అంది.

అంటే పద్దెనిమిదేళ్లుగా ఆయన వీళ్లని మోసం చేస్తున్నాడు, వీళ్లు ఆయన్ని మోసం చేస్తున్నారు. మధ్యలో పెట్రోలు నాది.

బైండ్లు కొత్త భవనంలోకి చేరాయి. మర్నాడు మంగళవారం. తాతయ్య పొద్దున్నే షాపుకి వచ్చి, నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచాడు.

"ఆఫీసరమ్మకి ఈ ఊళ్ళో ఎవరున్నారే?"

"ఎవరూ లేరు. బదిలీ మీద వచ్చింది. మధ్యాహ్నం బల్ల మీదే బ్రెడ్డు తింటుంది."

"ఏ తారీఖున చేరింది?"

"నాలుగున."

"మూడు అని రాస్తాను," అన్నాడు. రాసి, పక్కన నంబరు వేశాడు. పదమూడు వందల పదమూడు.

"తాతయ్యా, ఆవిడకి నీ గుట్టంతా తెలుసు కదా."

"అయితే?"

స్కూటరు తీశాను. కొత్త భవనం రెండు వీధుల అవతల ఉంది. తాతయ్య ఆఫీసరమ్మ గది తలుపు తట్టి, టోపీ తీసి, "ఒక సవరణ ఉందండీ" అన్నాడు.

ఆవిడ తల ఎత్తింది. జాబితా పక్కన పెట్టింది. ఎదురుగా ఉన్న కుర్చీ మీది ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా నేల మీదకి దించింది.

"కూర్చోండి. పెద్ద తప్పేనా?"

"చిన్నదేనండి. కాస్త వివరంగా చెప్పాల్సి ఉంటుంది."

"అయితే టీ తెప్పిస్తాను," అంది ఆవిడ. "రెండు నిమిషాలు."

తాతయ్య చేయి గడియారం వైపు వెళ్ళింది. సగం దారిలో ఆగి, ఒళ్ళోకి వచ్చేసింది.

"తొందరేం లేదండీ," అన్నాడు.